స్లైడ్ మీద బ్లడ్ గ్రూప్ చూడటం ఎలా?

పరాయి యాంటిజెన్‌ను (కణం మీది గుర్తును) యాంటీబాడీ (దాన్ని పట్టే ప్రోటీన్) ఎలా పట్టుకుంటుందో కంటితో చూడాలంటే ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు. ఐజీఎం అనే రకం యాంటీబాడీ ఒక్కోదానికి పది పట్టు చోట్లు ఉంటాయి. అందుకే పక్కపక్క ఎర్రకణాలను కలిపి గుత్తులు కట్టిస్తుంది.

ఎ, బి, డి యాంటిజెన్‌లను పట్టే యాంటీబాడీలున్న మూడు సీరంలు కావాలి. యాంటీ-ఎ నీలంగా, యాంటీ-బి పసుపుగా ఉంటాయి, యాంటీ-డికి సాధారణంగా రంగుండదు. ఈ సీసాలను 2–8 డిగ్రీల్లో దాచి, వాడేముందు కాసేపు బయట పెట్టండి. స్పిరిట్‌తో తుడిచిన వేలు పూర్తిగా ఆరాకే కొత్త లాన్సెట్‌తో (గుచ్చే చిన్న సూదితో) గుచ్చండి. మొదటి చుక్క తుడిచేయండి.

స్లైడ్ మీద మూడు చోట్ల ఒక్కో సీరం చుక్క వేసి, పక్కనే ఒక్కో రక్తపు చుక్క వేయండి. దేనికి దానికి వేరే పుల్లతో కలపాలి. ఒకే పుల్ల వాడితే ఫలితమంతా తారుమారే. స్లైడ్‌ను మెల్లగా అటూ ఇటూ వంచుతూ 2 నిమిషాల్లోపే చదవండి. ఆలస్యమైతే అంచులు ఎండి, గుత్తుల్లా కనిపించి మోసం చేస్తాయి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

నీలంలో మాత్రమే ఎర్రటి రవ్వల్లా గుత్తులు కడితే ఎ, పసుపులో మాత్రమే అయితే బి, రెండింటిలోనూ అయితే ఎబి, రెండూ నున్నగా ఉంటే ఓ. యాంటీ-డిలో గుత్తులు కడితే ఆర్‌హెచ్ పాజిటివ్. కణాల మీద డి యాంటిజెన్ బలహీనంగా ఉంటే స్లైడ్ మీద దొరక్కపోవచ్చు.

ఈ ఫలితం చూసి రక్తం ఎక్కించకూడదు. దానికి బ్లడ్ బ్యాంకులో ట్యూబ్ లేదా జెల్ పద్ధతిలో కణాలనూ సీరంనూ రెండింటినీ పరీక్షించి, క్రాస్ మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తంతో సరిపోతుందో కలిపి చూడటం) చేయాల్సిందే.