పాత కారు పెట్రోలు సీళ్లు మార్చబోతున్నారా?

మళ్లీ ఒక పాత కారు తగలబడింది. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న బండిని బయటికి తీసి, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ విప్పి, పెట్రోలు కారకుండా ఆపే రబ్బరు సీళ్లన్నీ మార్చి రోడ్డెక్కించిన కొద్ది వారాలకే ఇంజిన్ అంతా మసైపోయింది. మనుషులకు ఏమీ కాలేదు, అదే నయం. యజమాని ఒకటే మాట అంటున్నాడట: ‘‘అన్నీ కొత్తవే వేశాను కదా!’’ కొత్తవే వేశాడు. పెట్రోలుకు పనికిరాని కొత్తవి వేశాడు.

మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకోండి, సిగరెట్ వెలిగించకండి లాంటివి ఇక్కడ రాయను. అవి తెలియనివారు ఈ పని జోలికే పోకూడదు. నేను చెప్పేది చెయ్యి తిరిగినవారు కూడా చేసే తప్పు గురించి: సైజు సరిపోయిందని సీలు వేసేయడం.

సీళ్లుగా వేసే నల్లటి ఓ-రింగులన్నీ (గుండ్రటి రబ్బరు చుట్లు) చూపుకు ఒకటే. ఈపీడీఎం రబ్బరు బ్రేక్ ఆయిల్‌కు, నీళ్లకు దివ్యంగా పనికొస్తుంది. పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది. సహజ రబ్బరుదీ అదే గతి. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు పెట్రోలును తట్టుకుంటుంది కానీ, పాతకాలపు నైట్రైల్‌ను ఇథనాల్ కోసం చేయలేదు. ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది కాబట్టి వైటాన్ లాంటి ఫ్లోరోకార్బన్ రబ్బరు వేసుకోవడం మేలు. రంగు చూసి పోల్చుకుంటానంటే కుదరదు. వైటాన్ నలుపులోనూ, గోధుమ రంగులోనూ, ఆకుపచ్చలోనూ వస్తుంది. ఏసీ పైపులకు వేసే వేరే రకం రింగులు కూడా తరచూ ఆకుపచ్చవే.

మోసం ఎక్కడంటే, తప్పు రబ్బరు మొదట్లో బాగానే పనిచేయవచ్చు. పెట్రోలు పీల్చి కొద్దిగా ఉబ్బి, తాను కూర్చున్న గాడిని బిగుతుగా నింపేస్తుంది. చుక్క కారదు. ఈలోగా రబ్బరును మెత్తగా ఉంచే పదార్థాలను పెట్రోలు లాగేస్తుంటుంది. తర్వాత బండిని నెలా రెండు నెలలు కదపకుండా ఉంచితే తడి ఆరిపోయి, రింగు కుంచించుకుని గట్టిపడుతుంది. మళ్లీ స్టార్ట్ చేసిన రోజున కారుతుంది, వేడెక్కిన ఎగ్జాస్ట్ పక్కనే. అలాంటి రింగును విప్పి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన మందం ఒకవైపు బల్లపరుపుగా అణిగి ఉంటుంది. రెండు వేళ్లతో వంచితే ఎండుపుల్లలా ఫట్‌మంటుంది.

అనుమానం ఉంటే పరీక్ష సులువే. అదే సరుకులోంచి ఒక రింగు అదనంగా తీసుకుని, మందం వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. మీరు పోయించుకునే పెట్రోలునే చిన్న గాజు సీసాలో పోసి, రింగును అందులో వేసి, మూత బిగించి, ఆరుబయట నీడలో కొన్ని రోజులు నానబెట్టండి. తీసిన వెంటనే ఒకసారి, పూర్తిగా ఆరాక ఒకసారి కొలవండి. బాగా ఉబ్బినా, ఆరాక మొదటికన్నా సన్నబడినా ఆ సరుకంతా పక్కన పడేయండి.

విడిభాగాల వేటలో కారు పేరు పట్టుకుని తిరగకండి. కార్బురేటర్ మీద పోతపోసిన లేదా రేకుపై కొట్టిన నంబరు పట్టుకోండి. సోలెక్స్, జెనిత్, వెబర్, ఎస్‌యూ కార్బురేటర్లు ఎన్నో కంపెనీల కార్లకు వెళ్లాయి. మీ కారు పేరు మీద దొరకని మరమ్మతు కిట్ ఇంకో కారు పేరు మీద దొరకవచ్చు. పైగా చేతులు మారుతూ వచ్చిన బండిలో ఫ్యాక్టరీ బిగించిన కార్బురేటరే ఉందన్న నమ్మకం ఏమిటి? గాడిని కొలవండి, పాత రింగును కాదు. ఉబ్బిన రింగు అబద్ధం చెబుతుంది. అంగుళాల లెక్కలో చేసిన గాడికి మిల్లీమీటర్ల రింగు ‘దాదాపు’ సరిపోతుంది. కారేది ఆ దాదాపు దగ్గరే.

విప్పని పాత ప్యాకెట్ దొరికితే నిధి దొరికినట్టు మురిసిపోతారు కొందరు. రబ్బరు ప్యాకెట్‌లోనూ ముసలిదవుతుంది. ఐఎస్‌ఓ 2230 అనే అంతర్జాతీయ ప్రమాణం నైట్రైల్‌కు 7 ఏళ్లు, ఫ్లోరోకార్బన్‌కు 10 ఏళ్లు తొలి నిల్వ గడువుగా పెట్టింది. పరీక్షించి మరికొన్నేళ్లు పొడిగించవచ్చు, అంతే. 1970ల నాటి కిట్‌లో జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాల ముక్కలు), ఇత్తడి ముక్కలు, స్క్రూలు ఉంచుకోండి. డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర), రింగులు పారేయండి. అమ్మేవారిని ‘ఏ సైజు’ అని అడిగి ఊరుకోకండి, ‘ఏ రబ్బరు’ అని అడగండి. కాగితం మీద రాసి ఇవ్వకపోతే కొనకండి.

పైపుల దగ్గరా ఇదే తప్పు. కార్బురేటర్ బండిలో పెట్రోలు ఒత్తిడి సుమారు 0.2 నుంచి 0.3 బార్. కార్బురేటర్ బదులు పెట్రోలును ఒత్తిడితో చిమ్మే, 1973లో వచ్చిన బాష్ కె-జెట్రానిక్ ఇంజక్షన్‌లో అది 5 బార్ దగ్గర ఉంటుంది. మొదటిదానికి ఎస్‌ఏఈ జె30 అనే పైపుల ప్రమాణంలోని ఆర్7 రకం పైపు చాలు. ఇంజక్షన్ లైనులో రబ్బరు పైపు వేయాల్సిన చోట ఆర్9 కావాలి. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండేదానికి ఆర్10. మూడింటికీ లోపలి వ్యాసం ఒకటే కావచ్చు. సైజు సరిపోయిందని బిగించేస్తారు!

మిగిలినవి గుర్తొచ్చిన వరుసలో.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

ఇంజక్షన్ బండి ఆపినా లైనులో ఒత్తిడి ఉంటుంది. అది దించాకే నట్టు ముట్టుకోండి.

కింద దిగి పనిచేసే సర్వీసింగ్ గుంత మీద బండి పెట్టి ట్యాంకు విప్పకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, గుంతలో చేరి కూర్చుంటుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది.

ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టకండి. నిండు ట్యాంకుకన్నా అదే ప్రమాదం.

సిలికాన్ పేస్టు పూయకండి. పెట్రోలుకు ఉబ్బి ఊడుతుంది, ఆ తునకలు జెట్టులో ఇరుక్కుంటాయి.

ఫ్లేర్ నట్లకు (కొన వెడల్పు చేసిన లోహపు పైపును బిగించేవి) టెఫ్లాన్ టేపు చుట్టకండి.

గాట్లున్న స్క్రూ క్లిప్పు మెత్తని పైపును కోస్తుంది. చుట్టూ సమంగా నొక్కేది వేయండి.

ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ పెట్రోలు వాసన వస్తోందా? ఆయిల్ మట్టం పెరిగిందా? పంపు డయాఫ్రమ్ చిరిగి ఉండవచ్చు. స్టార్ట్ చేయకండి.

ఒక్క సీలు మార్చి మిగతావి ‘బాగానే ఉన్నాయిలే’ అని వదలకండి.

రబ్బరు పేరు తెలియని రింగు వేయకండి, సైజు ఎంత చక్కగా సరిపోయినా సరే.

బిగించాక చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఇంజిన్ వేడెక్కాక ఒకసారి, రాత్రంతా ఆపి ఉంచాక ఒకసారి ప్రతి కీలూ చూడండి. నెలరోజులు నిలిపి ఉంచిన బండిని బయటికి తీసే ప్రతిసారీ బానెట్ ఎత్తే ముందు తాళం తిప్పకండి. తడి కనబడితే మరో చుట్టు బిగించి చూద్దామనుకోకండి. ఆపి, విప్పి, ఆ రింగు ఏ రబ్బరుదో తేల్చండి.