శంఖం నోట్లో వేలు పెట్టి చూడండి

శంఖం కొనేటప్పుడు అందరూ ముందుగా దాన్ని చెవికి ఆనించుకుంటారు. హోరు వినిపిస్తే అసలుది, లేకపోతే నకిలీది అని తేల్చేస్తారు. ఖాళీ చెంబు పెట్టుకున్నా ఆ హోరు వినిపిస్తుంది. చుట్టూ ఉన్న చప్పుళ్లే బోలుగా ఉన్న చోట మారుమోగుతాయి, అంతే. కాబట్టి తిరుపతి గాంధీ రోడ్డు అంగళ్లలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా చెవి సంగతి పక్కనబెట్టి, శంఖం నోట్లోకి చూపుడువేలు పోనివ్వండి.

నోరు అంటే పక్కన పొడవుగా తెరుచుకున్న భాగం. లోపల నడిమధ్యలో ఒక స్తంభం ఉంటుంది. గుల్ల మొత్తం ఆ స్తంభం చుట్టూనే తిరుగుతుంది. దాని మీద వేలు పైనుంచి కిందికి జరిపితే, మధ్యభాగంలో 3 లేదా 4 గట్లు అడ్డంగా, గట్టిగా తగలాలి. తగిలితే అది మనవాళ్లు తరతరాలుగా పూజించే శంఖమే. శాస్త్రజ్ఞులు దాన్ని టర్బినెల్లా పైరమ్ అంటారు. ఆ జాతికి 1767లో మొదట పేరు పెట్టింది లిన్నేయస్. బాగా పాత పుస్తకాల్లో జాంకస్ పైరమ్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, అదీ ఇదే.

నేను బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. మా అమ్మవాళ్లది తడ పక్కన, పులికాట్ సరస్సు వైపు. అందుకే శంఖాన్ని నేను రెండు చోట్లా చూస్తూ పెరిగాను, దేవుడి గూట్లోనూ, మావయ్య వలలోనూ. తిరుపతిలో ఎటు చూసినా నామం, దానికి అటూ ఇటూ శంఖచక్రాలు కనిపిస్తాయి. అయినా ఆ శంఖం ఒక సముద్రపు నత్త కట్టుకున్న ఇల్లని, ఆ నత్తను తీరంలో వండుకుని తింటారని చెప్తే మా వీధిలో చాలామంది నమ్మరు. ఇది తెలిస్తే భక్తి తగ్గిపోతుందేమోనని ఒకామె నాతో అన్నారు. నాకైతే తెలిశాకే ఎక్కువైంది.

ఎక్కువ మంది మోసపోయేది వలంపురి శంఖం దగ్గర. దీన్నే దక్షిణావర్తం అని కూడా అంటారు. చుట్లు ఉన్న కొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. మామూలు శంఖం నోరు మీ కుడిచేతి వైపు వస్తుంది. వలంపురిది ఎడమ వైపు వస్తుంది. పూజలో మాత్రం తీర్థం ధారగా పడే ముక్కును పైకి పెట్టి చూస్తారు కాబట్టి అదే కుడివైపు అవుతుంది. రెండు లెక్కలూ సరైనవే, చూసే తీరులోనే తేడా. మన శంఖాల్లో ఇలా తిరగబడి పుట్టేవి చాలా చాలా అరుదు. మరి బజారులో, ఫోన్లలో అన్ని వలంపురిలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

అమెరికా తూర్పు తీరంలో, మెక్సికో సింధుశాఖలో లైట్నింగ్ వెల్క్ అనే వేరే నత్త ఉంది. ఆ జాతిలో దాదాపు అన్నిటికీ నోరు పుట్టుకతోనే ఎడమ వైపు ఉంటుంది. అక్కడ అది మామూలు గుల్ల. దాని గోధుమరంగు చారలు పోయేదాకా తెల్లగా చేసేసి, వలంపురి పేరుతో ఇక్కడ అమ్ముతారు. పలమనేరు నుంచి దర్శనానికి వచ్చిన మా వదిన అలాంటిదే ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఎంతో మురిసిపోతూ నాకు చూపించింది. "ఒకసారి వేలు పెట్టు వదినా" అన్నాను. లోపల స్తంభం నున్నగా ఉంది. ఈ నత్తకు మహా అయితే ఒక సన్నని గీత లాంటి మడత ఉంటుంది కానీ, ఆ గట్టి గట్లు ఉండవు. పైగా భుజం దగ్గర చిన్న చిన్న బొడిపెలు, కిందికి సాగిన పొడవాటి ముక్కు. మన శంఖం బొద్దుగా ఉంటుంది, నడుము దగ్గర బరువుగా ఉంటుంది.

ఫోన్‌లో ఫొటో చూసి కొనేవాళ్లకు ఇంకో సంగతి. ఫొటోను అద్దంలోలా తిప్పేస్తే మామూలు శంఖం కూడా వలంపురిలా కనిపిస్తుంది. పక్కన దినపత్రిక పెట్టి వీడియో తీసి పంపమనండి. అక్షరాలు తిరగబడి ఉంటే తెలిసిపోతుంది. అసలు నా మాట అడిగితే, వలంపురి కోసం అప్పు చేయాల్సిన పనే లేదు. శంఖంలో పోస్తేనే తీర్థం అన్నారు పెద్దలు, వలంపురిలో పోస్తేనే అనలేదు.

మిగతా గుల్లల విషయం తొందరగా చెప్పేస్తాను. వేళ్లలా కొమ్ములు చాచినది, ముళ్లు ఉండి నోరు గులాబీ రంగులో ఉన్నది, ఇవి అలంకరణ గుల్లలు. బారుగా, బాకాలా ఉండి గోధుమ, తెలుపు మచ్చలు ఉన్నది ట్రైటన్. లావుగా, కొమ్ములతో, శిరస్త్రాణంలా కనిపించేది కాసిస్ కార్న్యూటా. ఈ చివరి రెంటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. ఎవరైనా అమ్మజూపినా కొనకండి. ఇక ప్లాస్టిక్, రెజిన్ బొమ్మలైతే తేలిగ్గా దొరికిపోతాయి. బరువుండవు, అంచున అచ్చు అతుకు కనిపిస్తుంది. అసలు గుల్ల మీద నోటి అంచుకు సమాంతరంగా సన్నని గీతలు ఉంటాయి. నత్త పెరిగేకొద్దీ అంచున సున్నం చేర్చుకుంటూ పోతుంది, ఆ చేర్పుల గుర్తులే ఇవి. ఎప్పుడో పీతో చేపో అంచు విరగ్గొడితే, నత్త అతుకు వేసుకున్న మచ్చ కూడా కొన్నిటి మీద ఉంటుంది. అలాంటిది దొరికితే వంకర అని వదిలేయకండి, నేనైతే ఏరికోరి తెచ్చుకుంటాను.

గుల్ల మీద సూది గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు గుంపుగా ఉంటే, నత్త చచ్చాక అది చాలాకాలం సముద్రం అడుగున పడి ఉందని అర్థం. స్పంజిక (స్పాంజి) అనే సముద్రజీవుల్లో ఒక రకం సున్నాన్ని తొలుచుకుంటూ లోపలికి పోతుంది. అలాంటి గుల్ల పాలిపోయి ఉంటుంది, ఊదితే నాదం పలచగా వస్తుంది.

అంగట్లో మెరిసే తెల్లటి శంఖం మాత్రమే చూసినవాళ్లు సముద్రం నుంచి అప్పుడే వచ్చినదాన్ని గుర్తుపట్టలేరు. దాని మీద గోధుమరంగు తోలు కప్పి ఉంటుంది, తడిమితే మఖమల్లులా తగులుతుంది. నోటికి అడ్డంగా కొమ్ములాంటి గట్టి మూత ఉంటుంది. తాకగానే నత్త లోపలికి ముడుచుకుని ఆ మూత బిగించేస్తుంది. మన్నార్ సింధుశాఖలో, పాక్ అఖాతంలో ఇవి ఎక్కువ. తూత్తుకుడి, రామేశ్వరం వైపు మునిగి వీటిని ఏరేవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. ఇసుక నేలలో సగం పూడుకుని, ఇసుకలోని పురుగులను తిని బతుకుతుంది. సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది, అంతకంటే పెద్దవీ ఉన్నాయి.

దీని గుడ్ల తిత్తిని మా పిల్లలకు బొమ్మ గీసి చూపిస్తాను. మెలితిరిగిన పొట్టేలు కొమ్ములా ఉంటుంది, ఒక కొస ఇసుకలో పాతుకుని ఉంటుంది. లోపల అరలు అరలుగా గదులు. చాలా సముద్రపు నత్తల పిల్లలు ముందు నీళ్లలో తేలుతూ దూరాలు పోతాయి. శంఖం పిల్లలు అలా కాదు, బుల్లి గుల్లతో సహా బయటికి వచ్చి అక్కడే పాకడం మొదలుపెడతాయి. అందువల్ల ఒక చోట అన్నీ ఊడ్చేస్తే మళ్లీ నిండడానికి చాలా కాలం పడుతుంది. వలలో చిన్నవి పడితే వెనక్కి వేసేయమని నేను మావయ్యతో పోట్లాడేది దీనికోసమే. గుడ్ల తిత్తిని కూడా తీరానికి తేవద్దు.

ఇక తిండి. మనం తినేది దాని పాదాన్ని, అంటే అది పాకడానికి వాడే గట్టి కండను. బతికున్న నత్తనే వండాలి. మూత తాకితే లోపలికి లాక్కోవాలి. కదలకపోతే, వాసన వస్తే పారేయండి. నీళ్లు మరిగించి అందులో వేసి, కండ వదులయ్యాక మెలితిప్పుతూ లాగితే చుట్టలా బయటికి వస్తుంది. మూత తీసేయాలి. చుట్ట చివర మెత్తగా, ముదురు రంగులో ఉండే పేగులూ గ్రంథులూ పూర్తిగా కోసి పడేయాలి. నత్తల్లో విషాలు చేరితే ఎక్కువగా అక్కడే చేరతాయి. కొన్ని విషాలు ఎంత ఉడికించినా పోవు, కాబట్టి ఈ పనిలో బద్ధకం వద్దు. మిగిలిన కండను ఉప్పు, పసుపు వేసి జిగురు పోయేదాకా రుద్ది కడగాలి. ముక్కలు పలచగా కోస్తేనే నమలగలం. మా అమ్మ ఉల్లిపాయ, మిరియాలు దండిగా వేసి వేపుడు చేస్తుంది. కొందరు ముక్కలు ఎండబెట్టి దాచుకుంటారు.

ఏది శంఖమో తేల్చుకోలేకపోతే మాత్రం వండొద్దు, తెలిసిన బెస్తవాళ్లను అడగండి. తీరంలో శంకువులా ఒకవైపు సన్నబడి, వెడల్పు కొస చదునుగా, సన్నని చీలికలాంటి నోరుతో, ఒంటి నిండా అందమైన వలల బొమ్మలతో ఒక గుల్ల కనిపిస్తుంది. అది కోన్ నత్త. బతికున్నదాన్ని చేత్తో ముట్టుకోకండి. విషపు ముల్లుతో గుచ్చుతుంది, దానిలో కొన్ని జాతుల కాటుకు మనుషులు చనిపోయారు. పిల్లలతో సముద్రానికి వెళ్లేవాళ్లకు ముందు నేర్పాల్సింది ఇదే.

వండుకున్నాక గుల్ల మిగులుతుంది కదా, దాన్ని పెరట్లో మట్టిలో కొన్ని వారాలు పాతిపెడితే లోపల అంటుకున్నదంతా చీమలు, పురుగులు శుభ్రం చేస్తాయి. తరవాత మంచినీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగండి. పండగ ముందు రోజు పూజ సామాన్లన్నీ చింతపండుతో తోముతాం. ఆ గిన్నెలో శంఖాన్ని మాత్రం వేయకండి. నిమ్మరసం, వెనిగర్ కూడా వద్దు. ఇత్తడి పులుపుకు మెరుస్తుంది, శంఖం సున్నం కాబట్టి పులుపుకు కరిగి గరుకెక్కిపోతుంది. ఊదడానికి కావాలంటే చుట్ల కొనను కోయాలి. ఇంట్లో సుత్తితో కొడితే పగులుతుంది, ఆ పని తెలిసినవాళ్ల చేత సన్న రంపంతో కోయించుకోండి.