వెన్నెముక లేని జీవులు – 6వ పాఠం: పేగులోని ఖాళీ వేరు, పేగు చుట్టూ ఉన్న ఖాళీ వేరు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని చెప్పాను. వాన వెలిశాక పెరట్లో ఒక ఎర్రను, అంటే వానపామును, పట్టుకోండి, కొయ్యొద్దు, తలవైపు నుంచి ఖండితాలు (ఒంటి మీద ఉంగరాల్లా కనిపించే ముక్కలు) లెక్కపెట్టండి, నడుముకు పట్టీలా ఉండే క్లైటెల్లం ఎన్నో ఖండితంలో మొదలవుతుందో రాసి పంపండి అన్నాను. జవాబు 14 రావాలి. ఆ 14 చాలామందికి వచ్చింది. కానీ 15, 25, 32 కూడా వచ్చాయి. ఒకరు 85 అన్నారు, ఇంకొకరు 97 అన్నారు. నరసన్నపేట వైపు నుంచి ఒకాయన "మాస్టారూ, మా ఎర్రకి పట్టీయే లేదండి, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

ఈసారి కండర కణజాలం మొదలుపెడదాం అనుకున్నాను. ముందు ఈ లెక్కల సంగతి తేల్చకపోతే ఆ పాఠం నిలబడదు.

85, 97 రాసినవారు తోక నుంచి లెక్కపెట్టారు. 97 వచ్చినాయన ఎర్రకు మొత్తం 112 ఖండితాలు ఉన్నాయన్నమాట. పట్టీ 16తో ముగుస్తుంది కాబట్టి 97కి 16 కలిపి ఒకటి తీసేస్తే 112. మన మామూలు వానపాము ఫెరిటిమాకు 100 నుంచి 120 దాకా ఉంటాయి, కాబట్టి ఆయన లెక్క తప్పలేదు, వైపు తప్పింది. పట్టీ ఏ చివరకు దగ్గరగా ఉందో అదే తల. అంతకంటే గుర్తు అక్కర్లేదు.

15 రాసినవారు నోటి పైన మొటిమలా ముందుకు పొడుచుకొచ్చిన ముక్కను కూడా లెక్కలో కలిపేశారు. అది ఖండితం కాదు. నోరు ఉన్నదే 1.

పట్టీ లేని ఎర్ర ఇంకా పిల్ల. క్లైటెల్లం ఈడుకొచ్చాకే కనిపిస్తుంది. ఇంకోదాన్ని వెతకండి.

32 రాసినవారు, నొచ్చుకోకండి, ఎర్రను చూడలేదు. ఇంగ్లీషు వీడియో చూశారు. ఆ వీడియోల్లో ఉండేది లంబ్రికస్, యూరప్ వానపాము. దానికి పట్టీ 32 నుంచి 37 దాకా ఉంటుంది. వాటిల్లోనే "ఐదు జతల గుండెలు" అని కూడా చెబుతారు. మన ఫెరిటిమాకు 7, 9, 12, 13 ఖండితాల్లో ఒక్కో జత చొప్పున నాలుగు జతలే. ఏ జీవి గురించి చదువుతున్నారో ముందు పేరు చూసుకోండి.

25 మాత్రం నా తప్పు. రాసిన వాళ్లలో ఇద్దరిని అడిగితే ఎర్రను వర్మీ కంపోస్టు తొట్టెలోంచి తీశామని చెప్పారు. తొట్టెల్లో ఎక్కువగా పెంచే రకాల్లో ఒకటి ఐసీనియా ఫెటిడా. దాని పట్టీ 24, 26 మధ్య ఎక్కడో మొదలై 32 దాకా పోతుంది. పైగా అది పూర్తి పట్టీ కాదు, గుర్రం మీద జీను వేసినట్టు పైనుంచి పక్కలకు దిగి ఆగిపోతుంది. మన పెరటి ఫెరిటిమాకు ఒడ్డాణంలా చుట్టూ తిరుగుతుంది. తొట్టెలోది తీయొద్దని నేను ముందే చెప్పాల్సింది.

నేను గుర్తుపెట్టుకునేది ఇంతే: 8లో తిరగలి, 14లో ఒడ్డాణం, 18లో మగ రంధ్రాలు. తిరగలి అంటే అంతర జఠరం. మట్టితో పాటు మింగిన ఆకు ముక్కల్ని పిండి చేసే గట్టి కండరపు సంచి అది. మిగతా అంకెలు పరీక్షకు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు.

ఇప్పుడు ఈ ఎర్రను అడ్డంగా కోస్తే ఏం కనిపిస్తుందో చూద్దాం. కాగితం మీదే కోద్దాం. నిజంగా కోసేవాళ్లంటే నాకు ఇష్టం ఉండదు. ముల్లంగిని చక్రాలుగా కోస్తే ఒక చక్రం ఎలా ఉంటుందో, అదే మనకు కావాల్సిన బొమ్మ. బయట గోడ ఒక వలయం, మధ్యలో పేగు ఇంకో వలయం, రెంటికీ నడుమ ఖాళీ. ఆ ఖాళీలో ద్రవం ఉంటుంది. దాన్ని పుస్తకాల్లో శరీరకుహరం అంటారు. నాకు సీలోమ్ అనడమే అలవాటు, నోటికి తేలిక.

చాలామంది పడిపోయే గొయ్యి ఇక్కడే ఉంది. హైడ్రా అంటే మంచినీళ్లలో ఉండే చిన్న గొట్టంలాంటి జీవి. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దాను. "హైడ్రాకు శరీరకుహరం ఉంది, అందులో ఆహారం జీర్ణమవుతుంది" అన్న వాక్యం నేను చదవని సంవత్సరం లేదు. అందులో రెండు ముక్కలూ వేరువేరుగా చూస్తే ఏదో ఉన్నట్టే ఉంటాయి, కలిపితే పూర్తిగా తప్పు. కుహరం అంటే ఖాళీయే కదా, హైడ్రా లోపల ఖాళీ ఉంది కదా, కాబట్టి శరీరకుహరం ఉంది. దారి ఇలా తప్పుతుంది. పేర్లు పెట్టిన పెద్దలు కూడా సాయం చేయలేదు. హైడ్రా, జెల్లీ చేపల వర్గానికి పాత పేరు సీలెంటరేటా. గ్రీకులో 'బోలు పేగు' అని అర్థం. సీలోమ్‌లో ఉన్న 'సీల్' ముక్కే అందులోనూ ఉంది. పిల్లలు రెండూ ఒకటే అనుకోవడంలో వింతేముంది?

పేగులో ఉన్నది ఒంట్లో ఉన్నట్టు కాదు. ముందు దీన్ని నమ్మండి. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు అనంతగిరి కొండల్లో సొరంగాల్లోంచి పోతుంది. రైలు సొరంగంలో ఉన్నప్పుడు కొండ లోపల ఉంది అంటాం. కానీ కొండ రాయిలోకి వెళ్లిందా? ఇటు దూరి అటు వచ్చేస్తుంది. సొరంగం గోడ కూడా కొండకు బయటి గోడే, కాకపోతే లోపలికి తిరిగింది. వానపాము పేగూ అంతే. నోట్లో దూరిన మట్టి తోకలోంచి వచ్చేస్తుంది. అందులోని ఆహారం పేగు లోగోడ మీదున్న ఉపకళా కణజాలాన్ని, అంటే గోడను కప్పే కణాల పొరను, దాటినప్పుడే ఎర్ర ఒంట్లోకి వచ్చినట్టు. దాటనిది ఎప్పటికీ బయటిదే. నీళ్లు, ఉప్పు, అన్నం, పొరపాటున మింగిన చింతపిక్క, మన విషయంలోనూ లెక్క మారదు.

కాబట్టి సీలోమ్ అంటే పేగులోని ఖాళీ కాదు, పేగుకీ ఒంటి గోడకీ నడుమ ఉన్న ఖాళీ. ఇంట్లో టీ ఫ్లాస్కు ఉంటే చేతిలోకి తీసుకోండి. టీ పోసే చోటు పేగు. లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య మీకు కనిపించని సందు సీలోమ్. అడుగు కూడా తెరిచి ఉందనుకుంటే ఎర్ర తయారు. ఫ్లాస్కులో ఆ సందులోకి టీ పోతే అది పగిలిపోయినట్టు కదా? ఎర్రలోనూ పేగులోని మట్టి సీలోమ్‌లోకి రాదు, వస్తే పేగు చిరిగినట్టే.

ఇక హైడ్రాను స్టీలు గ్లాసు అనుకోండి. ఒకే గోడ, ఒకే నోరు. గోడలో రెండు కణస్తరాలు, వాటి మధ్య మీసోగ్లియా అనే జిగురు పొర. గ్లాసులో పోసిన నీళ్లున్న చోటు పేగే, దాన్నే జఠరప్రసరణ కుహరం అంటాం. ఇంకో గోడే లేనప్పుడు రెండు గోడల నడుమ సందు ఎక్కడ నుంచి వస్తుంది? హైడ్రాకు సీలోమ్ లేదు. ఆహారం తిన్న నోటితోనే చెత్త బయటికి కక్కుతుంది.

ప్లనేరియా అనే బల్లపరుపు పురుగు చేపలమ్మే వాళ్ల ఐస్ పెట్టె లాంటిది. లోపల గోడ ఉంది, బయట గోడ ఉంది, కానీ మధ్యలో సందు లేకుండా కూరేశారు. పెట్టెలో ఉండేది థర్మోకోల్, ప్లనేరియాలో ఉండేది మెత్తటి కణజాలం. పెట్టెకు తెరిచేది పైనే, కింద ఇంకో రంధ్రం ఉండదు. ప్లనేరియా పేగుకూ ఒకటే దారి. ఇక్కడా సీలోమ్ లేదు.

ఏలికపాము అందరినీ తికమక పెడుతుంది. బడుల్లో ఆల్బెండజోల్ మాత్రలు మింగిస్తారే, ఆ మాత్ర తగిలే పురుగుల్లో ఇదొకటి. దీనికి సందు ఉంది, అందులో ద్రవం ఉంది, పేగుకు రెండు చివరలూ తెరిచే ఉన్నాయి. అయినా దాన్ని మిథ్యా శరీరకుహరం అంటారు. ఎందుకు మిథ్య? గోడలు తట్టి చూడాలి. ఎర్ర సీలోమ్‌కు ఇటూ అటూ, ఒంటి గోడ వైపూ పేగు వైపూ, మధ్యస్త్వచం (పిండంలోని మూడు కణస్తరాల్లో మధ్యది) నుంచి పుట్టిన పలుచని పొర ఉంటుంది. గదికి నాలుగు వైపులా సున్నం కొట్టినట్టు. ఏలికపాములో బయటి గోడ వైపే మధ్యస్త్వచం నుంచి వచ్చిన కండరం ఉంది, పేగు వైపు ఏమీ లేదు, పేగు కణాలు ద్రవంలో నేరుగా మునిగి ఉంటాయి. ఒకవైపే సున్నం కొట్టిన గది అది. సందు ఉందా లేదా అని కాదు, సందుకు రెండు వైపులా మధ్యస్త్వచం పొర ఉందా అని అడగాలి.

ఏలికపాము బంధువు ఒకటి, సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్, మిల్లీమీటరు పొడవుండే పురుగు. ఎదిగిన ద్విలింగ పురుగులో, అంటే ఆడా మగా రెండూ తానే అయినదానిలో, బీజకణాలు కాక 959 కణాలుంటాయి, అందులో 302 నాడీకణాలు. ఎవరో ఒకొక్కటీ లెక్కపెట్టారు. సిడ్నీ బ్రెన్నర్, జాన్ సల్‌స్టన్, రాబర్ట్ హార్విట్జ్‌లకు 2002లో నోబెల్ వచ్చింది ఆ పురుగు మీద చేసిన పనికే. మీరు 14 దాకా లెక్కపెట్టడానికి విసుక్కున్నారు.

ఎర్ర గోడలో పొరల వరస చాలామందికి తలకిందులవుతుంది. నేను ఒక దొడ్డిదారి వాడతాను. సీలోమ్ ద్రవంలో మీరు నిలబడ్డారనుకోండి. ఒంటి గోడ వైపు నడిస్తే ముందు సీలోమ్ పొర, తర్వాత నిలువు కండరాలు, తర్వాత వలయ కండరాలు, తర్వాత ఉపకళ. వెనక్కి వచ్చి పేగు వైపు నడిచినా అదే వరస: సీలోమ్ పొర, నిలువు, వలయ, ఉపకళ. అద్దంలో చూసినట్టు ఉంటుంది. ఒకవైపు గుర్తుంటే రెండోది ఊరికే వచ్చేస్తుంది. ఒంటి మీద ఉపకళ పైన అవభాసిని అనే పలుచటి తొడుగు ఒకటి అదనం, అది కణాలతో చేసింది కాదు. పేగు బయటి పొర మీద పసుపు కణాలు కూడా ఉంటాయి, మనకు కాలేయం చేసే పనుల్లో కొన్ని అవి చేస్తాయి.

ఇంత సందు ఎందుకు? ఎముక లేకుండా నేల తొలవడానికి. ద్రవం నలగదు, పక్కకు జరుగుతుందంతే. చపాతీ పిండి ముద్దను పిడికిట్లో బిగిస్తే రెండు పక్కలా పొడుగ్గా వస్తుంది. వలయ కండరాలు బిగిస్తే ఎర్ర సన్నబడి సాగుతుంది. నిలువు కండరాలు బిగిస్తే కురచై లావవుతుంది. ఖండితాల మధ్య అడ్డుతెరలు ఉండటం వల్ల తల సాగుతుంటే నడుము లావై నేలను పట్టుకోగలదు. ఏలికపాముకు వలయ కండరాలు లేవు, నిలువువే ఉన్నాయి. అందుకే అది ఎర్రలా సాగదు, కొరడాలా అటూ ఇటూ వంపులు తిరుగుతుంది. పేగు గోడకూ కండరం లేదు, తిన్నది లోపలికి తోసేది ముఖ్యంగా గ్రసని, అంటే నోటి వెనకుండే గొంతు భాగం, పంపులా పనిచేయడమే.

బొద్దింక సంగతి వచ్చే పాఠంలో. దానిలోనూ పేగు చుట్టూ సందు ఉంటుంది, అందులో రక్తమే పారుతుంది, దాన్ని సీలోమ్ అనరు. ముందే హెచ్చరిస్తున్నాను.

అభ్యాసం ఈసారి కాస్త బరువు. ఏడు రోజులు, రోజూ పొద్దున కాఫీకి ముందు, పుస్తకం తెరవకుండా నాలుగు అడ్డుకోతలు గీయండి: హైడ్రా, ప్లనేరియా, ఏలికపాము, ఎర్ర. సాసరు బోర్లించి వలయం గీసుకోండి. పెన్సిలే వాడండి, రబ్బరు వాడొద్దు. తప్పు గీస్తే కొట్టేసి పక్కన మళ్లీ గీయండి, ఏ రోజు ఏ పొర మర్చిపోయారో నాకు కావాలి. రంగు పెన్సిళ్లు వద్దు. రంగులు దిద్దుతూ కూర్చునేవాళ్లు పొరల వరస చూసుకోరు. మధ్యస్త్వచం నుంచి వచ్చిన పొరను మాత్రం అడ్డగీతలతో నింపండి. ఏడో రోజు బొమ్మ ఒకటే పంపండి, మిగతా ఆరు మీ దగ్గర ఉంచుకోండి.

ఇంకో పని, వీలైతే. ఎర్రను తడి చేత్తో పట్టుకుని గట్టి కాగితం మీద వదిలి చెవి దగ్గరగా పెట్టండి. సన్నగా గీకిన చప్పుడు వస్తుంది, అది శూకాలు, అంటే ఒంటి మీదుండే సన్నటి ముళ్లు, చేసే చప్పుడు. అలాగే తల నుంచి ఎన్నో ఖండితం దాకా ఒకేసారి సన్నబడుతోందో చూడండి. నాగావళి ఒడ్డున నేనిలా చూస్తుంటే గేలం వేసే గుంటడు ఒకడు "ఏటి మాస్టారూ, చేపలకా?" అన్నాడు. కాదురా, లెక్కకి అన్నాను. వాడికి నవ్వొచ్చింది, కానీ కూర్చుని వాడూ లెక్కపెట్టాడు, 14 చెప్పాడు.

కాగితం మీద రెండు నిమిషాలకంటే ఉంచొద్దు. ఎర్ర చర్మంతోనే ఊపిరి తీస్తుంది, ఒళ్లు ఆరితే చచ్చిపోతుంది. మగ్గులో పెట్టి స్నానానికి వెళ్లిపోయి మర్చిపోవద్దు. తీసిన చోటే తడిమట్టి మీద వదిలేయండి, దాని దారి అదే వెతుక్కుంటుంది.