వానలు మొదలయ్యే లోపు రోడ్డు సైకిల్‌కు టైర్లు ఎంచుకునేవారికి జాగ్రత్తలు

వానలు దగ్గరపడేసరికి రోడ్డు సైకిల్ నడిపేవారిలో చాలామందికి టైర్లు గుర్తుకొస్తాయి. అప్పుడు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న, చాలాసార్లు చివరి ప్రశ్న కూడా, ఏ టైరు తక్కువగా పంక్చర్ అవుతుందనే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తడి రోడ్డు మీద గాజుపెంకులు, రాతి మొనలు టైరుకు అంటుకుని చక్రంతో పాటు తిరుగుతాయి, పైగా నీరు కందెనలా పనిచేసి అవి రబ్బరును తేలిగ్గా కోసేలా చేస్తుంది. అయితే పంక్చర్ అయిన సైకిల్ దారి పక్కన ఆగుతుంది, పట్టు తప్పిన సైకిల్ మనిషిని నేలమీద పడేస్తుంది. తడి కాలానికి టైరు ఎంచుకునేటప్పుడు ముందు భయపడవలసింది ఈ రెండోదానికే.

ఈ మాట నేను మోచేయి చీల్చుకుని తెలుసుకున్నాను. ఒక వానకాలానికి ముందు, దళసరి రక్షణ పొర ఉన్న 23 మి.మీ. వెడల్పు టైర్లు వేయించి, పక్కన అచ్చువేసిన గరిష్ఠ సంఖ్య దాకా గాలి కొట్టి, ఇక నిశ్చింత అనుకున్నాను. ఆ కాలమంతా ఒక్క పంక్చర్ కూడా కాలేదు. కానీ రోడ్డు మీద ఏం జరుగుతోందో చేతులకు తెలిసేది కాదు. చక్రం కింద ఉన్నది కంకరో, తడిసిన రంగు గీతో, నున్నటి తారో, అన్నీ ఒకే రకమైన గట్టి దడదడగా హ్యాండిల్‌కు చేరేవి. ఒక మలుపులో తెల్ల గీత మీద ముందు చక్రం జారినప్పుడు ముందస్తు సూచన ఏదీ అందలేదు. పక్కకు ఒరగడం, పడిపోవడం ఒకేసారి జరిగాయి. అందువల్ల మెత్తగా నడవడం, స్పర్శ బాగుండడం అనే మాటలను విలాసాల కింద తీసిపారేయవద్దని ముందుగా కోరుతున్నాను. పట్టు తగ్గుతున్న సంగతిని మన చేతులకూ నడుముకూ ఒక్క క్షణం ముందుగా చేర్చేది ఆ స్పర్శే.

నిజానికి గాలి టైరు పుట్టిందే కుదుపు తగ్గించడానికి. జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో పేటెంటు పొందిన టైరు, అంతకు ముందు తన కొడుకు మూడు చక్రాల బండి కోసం ఆయన చేసిన ప్రయత్నం నుంచి వచ్చింది. ఆ తర్వాత చాలా కాలానికి సన్నటి టైరు, గట్టి గాలి అంటేనే వేగమనే నమ్మకం స్థిరపడింది. పూర్తిగా నున్నని తలం మీద అది కొంతవరకు నిజం. గరుకు రోడ్డు మీద మాత్రం గట్టి టైరు ప్రతి చిన్న ఎత్తుకూ సైకిల్‌నూ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది, ఆ ఎగిరిన ప్రతిసారీ శక్తి వృథా కావడమే కాక రోడ్డుతో స్పర్శ కూడా పలచబడుతుంది. తడిలో ఆ పలచబడిన క్షణంలోనే టైరు జారుతుంది.

స్పర్శ బాగుండడానికి మొదటి కారణం రబ్బరు కింద ఉండే నేత పొర, అంటే కేసింగ్. చక్రం తిరుగుతున్నప్పుడు నేలను తాకే భాగం క్షణక్షణం వంగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. వంగడానికి తీసుకున్న శక్తిలో కొంత వేడిగా మారి పోతుంది. కేసింగ్ ఎంత పలచగా, ఎంత తేలిగ్గా వంగితే ఆ నష్టం అంత తక్కువ, రోడ్డు గరుకుదనం మీద టైరు అంత చక్కగా అమరుతుంది. అంగుళానికి ఎన్ని దారాలో తెలిపే టీపీఐ అనే సంఖ్య చూసి ఎంచుకోవచ్చని చాలామంది అనుకుంటారు, ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. ఒక్కొక్క పొరలో 110 దారాలున్న నైలాన్ కేసింగ్ మూడు మడతలుగా ఉన్నచోట దానిని 330 అని లెక్కగట్టి అచ్చువేసే పద్ధతి ఉంది. నూలు కేసింగ్ మీద కనిపించే 320 మాత్రం చాలా వరకు ఒకే పొరలోని సన్నటి దారాల లెక్క. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. టైరు పక్కభాగాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని మడిచి చూడడం మేలు. గుడ్డలా ఒదిగేది, అట్టలా ఎదురుతిరిగేది ఏదో చేతికే తెలిసిపోతుంది. నూలు కేసింగ్ స్పర్శలో అన్నిటికన్నా మిన్న అయినా, తడిసిన తర్వాత ఆరబెట్టకుండా మూలన పెడితే పాడవుతుంది. రోజూ వానలో తడిసే సైకిల్‌కు పలచటి నైలాన్ కేసింగే తగినది.

పంక్చర్ రక్షణను పూర్తిగా వదులుకోవాలని దీని అర్థం కాదు. నేలను తాకే మధ్యభాగం కింద మాత్రమే సన్నటి రక్షణ పట్టీ ఉండి, పక్కభాగాలు మెత్తగా ఉన్న టైర్లు దొరుకుతాయి. నా అభిప్రాయంలో తడి కాలానికి అవే సరైన రాజీ. ఒక అంచు నుంచి మరో అంచు దాకా దళసరి పొర పరచిన టైరు, గాజుపెంకులు నిండిన దారుల్లో రోజూ పనికి వెళ్లేవారికి తప్ప మిగతావారికి అక్కరలేదు.

రబ్బరు మిశ్రమం సంగతి దుకాణంలో తేల్చుకోవడం కష్టం, ఎందుకంటే తడిలో పట్టును గోటితో నొక్కి తెలుసుకోలేము. అయితే సిలికా కలిపిన మిశ్రమాలు తడిలో మంచి పట్టునిస్తాయన్నది రుజువైన విషయం. ఎక్కువ కిలోమీటర్లు మన్నుతుందని మాత్రమే చెప్పుకునే టైరు రబ్బరు సాధారణంగా గట్టిది, చలిలోనూ తడిలోనూ అది మరింత నిరాశపరుస్తుంది. ఏళ్ల తరబడి అరల్లో ఉండిపోయిన పాత సరుకు చవకగా వస్తోందని కొనడం కూడా మంచిది కాదు. రబ్బరు కాలక్రమేణా గట్టిపడి, పక్కల సన్నటి పగుళ్లు తీస్తుంది.

టైరు మీద గాడులు లోతుగా ఉంటే వానలో పట్టు ఎక్కువని దాదాపు అందరూ నమ్ముతారు. కారు విషయంలో అది సబబు, సైకిల్‌కు అలా కాదు. నీటి పొర మీద టైరు తేలిపోయే వేగం ప్రధానంగా టైరులోని గాలి పీడనం మీద ఆధారపడుతుంది. విమాన టైర్ల మీద పరీక్షలు జరిపి నాసా 1963లో ప్రచురించిన సూత్రం ప్రకారం, పీడనాన్ని పీఎస్ఐలో, అంటే చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కలో, తీసుకుని దాని వర్గమూలాన్ని 10.35తో హెచ్చవేస్తే ఆ వేగం గంటకు మైళ్లలో వస్తుంది. 30 పీఎస్ఐ ఉన్న కారు టైరుకు అది గంటకు సుమారు 91 కిలోమీటర్లు, 65 పీఎస్ఐ ఉన్న సైకిల్ టైరుకు సుమారు 134 కిలోమీటర్లు. పైగా సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీటిని తానే పక్కకు చీల్చుకుంటూ పోతుంది. కాబట్టి తారు రోడ్డు మీద నున్నటి టైరు చూసి జంకవలసిన పనిలేదు. గాడుల వల్ల నేలను తాకే రబ్బరు తగ్గుతుంది, లోతైన గాడుల అంచులు మలుపుల్లో వంగి స్పర్శను మసకబారుస్తాయి. బురద, మెత్తటి మట్టి దారుల సంగతి వేరు, అక్కడ గాడులు నేలలోకి దిగి పట్టుకుంటాయి.

ఇక వెడల్పు. సైకిల్‌లో పట్టేటంత వరకు కొంత వెడల్పు టైరు తీసుకోవడమే తడి కాలానికి నేను ఇచ్చే సలహా. 23 నుంచి 28కి, వీలైతే 30 లేదా 32 మి.మీ.కు మారితే, గాలి తగ్గించి నడపగలిగే వీలు కలుగుతుంది, మేలంతా అందులోనే ఉంది. అయితే కొనే ముందు కొలవాలి. టైరు పక్కన 28-622 అని ఉంటే 28 మి.మీ. వెడల్పు, 622 మి.మీ. టైరు అంచు కూర్చునే వ్యాసం అని అర్థం. రోడ్డు సైకిళ్ల మీద 700సి అని వ్యవహరించేది ఈ 622నే. ఆ 28 అన్నది నిర్ణీత వెడల్పు గల రిమ్ము మీద కొలిచిన కొలత. రిమ్ము లోపలి వెడల్పు ఒక్కొక్క మిల్లీమీటరు పెరిగినకొద్దీ టైరు సుమారు 0.4 మి.మీ. విస్తరిస్తుంది కనుక, 28 అని రాసినది వెడల్పు రిమ్ము మీద 30 కావచ్చు. గాలి నింపిన టైరుకూ ఫ్రేముకూ, ఫోర్క్‌కూ, బ్రేకుకూ మధ్య అన్ని వైపులా కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి. పొడి రోజుల్లో 2 మి.మీ. ఖాళీతో గడిచిపోయిన సైకిల్, తడిలో టైరుకు అంటిన ఒక చిన్న రాయి ఫోర్క్ కింద ఇరుక్కుంటే చక్రం బిగుసుకుని ఎత్తి పడేయగలదు. బురద అడ్డుకునే మడ్‌గార్డులు బిగించేవారు వాటికి కావలసిన స్థలాన్ని కూడా ఈ లెక్కలోనే చేర్చుకోవాలి.

మంచి టైరు కొని గాలి తప్పుగా కొట్టడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ పీడనం దాటకూడని హద్దు మాత్రమే, అంతవరకు నింపమని దాని ఉద్దేశం కాదు. ఇంకొక విషయం చాలామంది దృష్టికి రాదు. కేసింగ్‌లో ఏర్పడే బిగువు, పీడనాన్నీ వెడల్పునూ హెచ్చవేసినంతగా పెరుగుతుంది. 23 మి.మీ. టైరులో 100 పీఎస్ఐ ఇచ్చే బిగువే 28 మి.మీ. టైరులో సుమారు 82 పీఎస్ఐకే వస్తుంది. వెడల్పు టైరు వేసి పాత అలవాటు ప్రకారం 100 నింపినవారు, ముందటికన్నా గట్టిగా ఉందని చెప్పి టైరును నిందిస్తారు. సుమారు 70 కిలోల బరువున్నవారు 28 మి.మీ. టైరుకు వెనుక 65, ముందు 60 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, తమ బరువునూ రోడ్డునూ బట్టి రెండేసి పీఎస్ఐల చొప్పున మార్చుకోవచ్చు. వెనుక చక్రం ఎక్కువ బరువు మోస్తుంది గనుక ముందుదానిలో కొంత తక్కువ ఉండడమే సరైనది. గాలి ఎక్కువైతే చేతులు తిమ్మిరెక్కుతాయి, గరుకు మలుపులో చక్రం చిన్న చిన్న గెంతులు వేస్తుంది. తక్కువైతే మలుపులో టైరు పక్కకు కుంగినట్టు, హ్యాండిల్ తిప్పిన తర్వాత సైకిల్ ఆలస్యంగా కదిలినట్టు అనిపిస్తుంది, గుంతలో రిమ్ము నేలకు తగిలిన చప్పుడు వినిపిస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య మీకు నప్పే అంకె దొరికాక దానిని రాసిపెట్టుకుని, ఎప్పుడూ ఒకే పంపుతో కొలవండి, ఎందుకంటే పంపుల మీటర్ల మధ్య తేడాలు సాధారణం. వాన రోజున పొడి రోజుకన్నా ఒక ఐదు పీఎస్ఐ తగ్గించడం మంచి అలవాటు. అయితే చల్లబడిన గాలి తానే కొంత తగ్గిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే 65 పీఎస్ఐ టైరు సుమారు రెండున్నర పీఎస్ఐ కోల్పోతుంది. అందువల్ల ఇంటి లోపల కాక, బయలుదేరే చోట కాసేపు ఉంచాక కొలవడం మేలు.

రిమ్ము అంచులో హుక్, అంటే టైరు అంచును పట్టి ఉంచే వంపు, లేని కొత్త తరహా చక్రాలు ఉన్నవారికి ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. రోడ్డు టైర్లకు ఆ రిమ్ముల మీద గరిష్ఠ పీడనం 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ. హుక్ లేని రిమ్ముకు తగినదని తయారీదారు స్పష్టంగా పేర్కొన్న ట్యూబ్‌లెస్ టైరు తప్ప మరొకటి వేయకూడదు. రిమ్ము వెడల్పుకు తగిన కనీస టైరు వెడల్పు కూడా పాటించాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ పోటీలో థామస్ డి జెండ్ట్ ముందు టైరు 25 మి.మీ. లోపలి వెడల్పున్న హుక్ లేని రిమ్ము మీద నుంచి ఊడిపోయి ఆయన పడిపోయిన తర్వాత ఈ విషయం అందరి చర్చలోకీ వచ్చింది. అప్పుడు వేసినది 28 మి.మీ. టైరు. టైరు మీద ఒక గరిష్ఠ సంఖ్య, రిమ్ము మీద మరొకటి ఉంటే, రెంటిలో చిన్నదే మీ హద్దు.

ట్యూబ్ కూడా స్పర్శను మారుస్తుంది. లేటెక్స్ ట్యూబ్ చాలా మెత్తగా నడుస్తుంది కానీ ఒక్క రాత్రిలోనే గణనీయంగా గాలి కోల్పోతుంది, ప్రతి ఉదయం గాలి కొట్టడం తప్పదు. రిమ్మునే నొక్కి ఆపే రిమ్ము బ్రేకులతో పొడవైన దిగుడు దారులు దిగేవారు వేడి కారణంగా లేటెక్స్‌కూ, టీపీయూ అనే పలచటి ప్లాస్టిక్ ట్యూబ్‌కూ దూరంగా ఉండడం మంచిది. ట్యూబ్‌లెస్ అయితే తక్కువ గాలితోనూ ట్యూబ్ నలిగే భయం ఉండదు, సన్న రంధ్రాలను టైరు లోపల పోసే సీలెంట్ అనే ద్రవం తానే పూడుస్తుంది. కానీ ఆ ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది. వానలకు ముందు టైరు విప్పి చూసి, లోపల జిగురు ముద్దలే మిగిలి ఉంటే శుభ్రం చేసి కొత్తది పోయాలి.

ఒక్క టైరుకే డబ్బు సరిపోతే కొత్తదానిని ముందు చక్రానికే వేసి, ఇప్పటిదాకా ముందున్న దానిని వెనుకకు మార్చండి. వెనుక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందు చక్రం జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. వెనుక టైరు మధ్యలో చదునుగా అరిగి ఉంటే, ఇంకా రబ్బరు మిగిలినా దానిని తీసేయడం మంచిది. చదును ముగిసి వంపు మొదలయ్యే అంచు మీదికి ఒరిగేటప్పుడు సైకిల్ ఒక్కసారిగా వాలినట్టవుతుంది, తడి మలుపులో ఆ తడబాటు ప్రమాదకరం. పలచటి కేసింగ్ ఉన్న టైరు వేసినప్పుడు రిమ్ము బ్రేకు ప్యాడ్లు దాని పక్కలను తాకడం లేదని కూడా చూసుకోవాలి. మీద పడిన ఇసుకతో అవి కొద్ది రోజుల్లోనే గుడ్డను కోసేస్తాయి.

ఈ మార్పులన్నీ మొదటి వానకు కనీసం రెండు వారాల ముందే పూర్తి చేయండి. కొత్త టైరు పైపొర నిగనిగలాడుతూ ఉంటుంది, అది కాస్త అరిగేదాకా 30, 40 కిలోమీటర్లు పొడి రోడ్డు మీద నెమ్మదిగా నడపాలి. ఆ రోజుల్లోనే తెలిసిన ఒక మలుపును మళ్లీ మళ్లీ తిరిగి, గాలిని కొద్ది కొద్దిగా మారుస్తూ, టైరు చేతులకు ఏం చెబుతోందో గమనించండి. మొదటి జల్లు పడినప్పుడు, రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జిడ్డు తేలే ఆ తొలి అరగంటలో బయలుదేరకపోవడం మేలు. అప్పటికే దారిలో ఉంటే మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, రంగు గీతలనూ ఇనుప మూతలనూ సైకిల్‌ను నిటారుగా ఉంచి దాటండి.