లా కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఎలా నడపాలి?

లీగల్ ఎయిడ్ క్లినిక్ అంటే జనానికి ఉచితంగా న్యాయ సహాయం అందించే చోటు. చాలా లా కాలేజీల్లో మాత్రం అది తాళం వేసిన ఒక గది, దాని మీద ఒక బోర్డు. నేను చదివిన చోటా అంతే. మేం కూర్చున్న రోజుల్లో ఆ గదికి వచ్చిన ఒకే ఒక్కాయన జిరాక్స్ షాపు ఎక్కడో అడిగి వెళ్లిపోయాడు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీలో ఒక సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో, చివరి సంవత్సరం విద్యార్థులు క్లినిక్ నడపాలి. కాబట్టి గది ఎలాగూ ఉంటుంది. దాన్ని పనిచేయించడమే మిగిలింది.

1. ముందు జిల్లా కోర్టుకు వెళ్లండి

ఉచిత లాయర్‌ను ఇప్పించేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. దాని ఆఫీసు సాధారణంగా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ప్రిన్సిపాల్ లెటర్ తీసుకెళ్లి కార్యదర్శిని కలవండి. ప్యానెల్ లాయర్ల (ఉచిత కేసుల కోసం ఆ సంస్థ ఎంపిక చేసుకున్నవాళ్ల) జాబితా, ఉచిత లాయర్ కోసం పెట్టుకునే దరఖాస్తు ఫారాలు అడగండి. ఈ సంబంధం లేకపోతే మీరు జనం గోడు వింటారు, అంతకుమించి ఏమీ చేయలేరు.

2. ఊళ్లోకి వెళ్లండి, రోజు మార్చకండి

పంచాయతీ ఆఫీసు అరుగైనా చాలు. కూలికి వెళ్లేవాళ్లు తిరిగొచ్చే సాయంత్రం పూట పెట్టుకోండి. వారం వారం అదే రోజు, అదే టైమ్. ఏడాదికోసారి ఫ్లెక్సీ కట్టి, ఫొటోలు దిగి వచ్చే క్యాంపును నేనైతే క్లినిక్ అనను.

3. వినడం

అసలు శిక్షణ ఇక్కడే. ఇద్దరు కూర్చోండి, ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవాలి. ‘మీ కేసేంటి?’ అనొద్దు. ‘ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పండమ్మా’ అని ఊరుకోండి. పక్కింటి గోడ తగాదాతో మొదలుపెట్టి అరగంట మాట్లాడతారు. లేచి వెళ్లబోతూ ‘ఇంకోటి బాబూ...’ అంటారు చూడండి, చాలాసార్లు వాళ్లు వచ్చింది దానికోసమే.

ఆడవాళ్లతో బంధువులెవరైనా వస్తే వాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టండి. క్యారీ బ్యాగులో తెచ్చిన ప్రతి కాగితం చూసి, తేదీలు రాసుకుని, ఒరిజినల్స్ అక్కడే తిరిగి ఇచ్చేయండి. మీ దగ్గర కాపీలే ఉండాలి.

చివర్లో ‘మీకేం కావాలి?’ అని అడగడం మర్చిపోవద్దు. ఇల్లు కొడుకుల పేర రాసిచ్చి, తిండికి వెతుక్కుంటున్న ముసలావిడ వచ్చిందనుకోండి. మనకు వెంటనే సెక్షన్లు గుర్తొస్తాయి. ఆవిడకు కావాల్సింది మందుల ఖర్చు మాత్రమే కావచ్చు, కొడుకులను కోర్టుకు ఈడ్వడం ఇష్టం లేకపోవచ్చు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చని, నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చని చెప్పండి. తాను పెట్టుకోలేకపోతే ఆవిడ అధికారమిచ్చిన మనిషి పెట్టవచ్చు. పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆవిడ ఇష్టం.

4. అక్కడికక్కడే సలహా ఇవ్వకండి

‘వచ్చే వారం చెబుతాం’ అనడానికి సిగ్గుపడక్కర్లేదు. కాలేజీకి వచ్చి చట్టం చూసి, ఒక పేజీ నోట్ రాసి, అధ్యాపకుడితోనో ప్యానెల్ లాయర్‌తోనో దిద్దించుకోండి. పాత గైడ్‌ను నమ్ముకుంటే పరువు పోతుంది. భార్యాబిడ్డల మనోవర్తికి అందరి నోట నానిన సీఆర్పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది.

5. మీ హద్దు తెలుసుకోండి

విద్యార్థి వకాల్తా వేయలేడు, 1961 అడ్వకేట్స్ చట్టం ఒప్పుకోదు. ఆ మాట మొదటి రోజే చెప్పేయండి. డబ్బు తీసుకోవద్దు, ఆటో ఛార్జీ పేరుతో కూడా.

అర్జీలు రాసిపెట్టడం మాత్రం మీ పనే. తహసీల్దార్‌కు ఇచ్చిన కాగితం మీద ఆరు నెలలుగా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు రాయండి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో పెట్టిన నిబంధనల్లో ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ఏ కాగితం ఇచ్చినా రసీదు తీసుకోమని చెప్పండి.

కోర్టుకు వెళ్లక తప్పకపోతే ఉచిత లాయర్ కోసం ఫారం నింపించండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేదు. మా ఆయనకు ఉద్యోగం ఉంది కదా, నాకెందుకిస్తారు అని వెనక్కి తగ్గే ఆడవాళ్లు చాలామంది.

6. రిజిస్టర్

ఎవరొచ్చారు, ఏం చెప్పాం, మళ్లీ ఎప్పుడు కలవాలి అన్నది రాసి, బీరువాలో తాళం వేసి ఉంచండి. కోర్సు అయిపోయి మీరు వెళ్లిపోతారు, ఆ ముసలావిడ అర్జీ ఇంకా ఆర్డీవో ఆఫీసులోనే ఉంటుంది. పుస్తకం జూనియర్ చేతికిస్తే సరిపోదు. చివరి వారం ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరగండి. ‘ఇకనుంచి ఈ అమ్మాయి వస్తుందమ్మా, మీ కాగితాలన్నీ తను చూసింది’ అని చెప్పండి.