అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికలు: ఆ రోజు కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

మార్చి లెక్కలు ముగిశాయంటే మా కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్లలో కమిటీలు మారే సీజన్ మొదలైనట్టే. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఏ వర్గంలోనూ లేను. అందుకని చుట్టుపక్కలవాళ్లు ఎన్నికలు జరిపించమని పిలుస్తుంటారు. వెళ్లగానే అడిగేది ఒకటే: "అంకుల్, మీటింగ్‌కి అధ్యక్షత ప్రెసిడెంట్ గారిదా, మీదా?"

ముందు బైలాస్, అంటే అసోసియేషన్ సొంత నియమావళి, తీయండి. మన దగ్గర చాలా అసోసియేషన్లు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. ఎన్నిక ఎవరు జరపాలో బైలాస్‌లో రాసి ఉంటే ఇక చర్చ లేదు, అదే పాటించాలి. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన నమూనాలో పేరు మార్చుకున్న బైలాస్ అయితే ఆ ముక్క ఉండకపోవచ్చు. అప్పుడు నేను చెప్పే పద్ధతి ఇది.

సమావేశం నడపడం ఒక పని, ఎన్నిక జరపడం ఇంకో పని. కోరం (కావలసినంత మంది వచ్చారా అన్నది) చూడటం, పోయినసారి మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు), ఆదాయ వ్యయాలు, లిఫ్ట్ గొడవ, బోర్ గొడవ, ఇవన్నీ పాత ప్రెసిడెంట్ అధ్యక్షతనే జరగనివ్వండి. అజెండాలో 'ఎన్నికలు' అన్న అంశం రాగానే ఆయన లేచి, ఎన్నికల అధికారికి కుర్చీ ఇవ్వాలి. ఆయన మళ్లీ పోటీ చేస్తుంటే ఇది తప్పనిసరి అనుకోండి. పోటీలో లేకపోతే కూర్చోవచ్చు, కానీ ఆయన ప్యానెల్ బరిలో ఉంటే లేవడమే మర్యాద.

అమెరికాలో సంఘాలు చాలావరకు 1876లో మొదటిసారి వచ్చిన సమావేశ నియమాల పుస్తకం రాబర్ట్స్ రూల్స్‌ను పాటిస్తాయి. అభ్యర్థి అయినంత మాత్రాన అధ్యక్షుడు కుర్చీ దిగక్కర్లేదని వాళ్ల పద్ధతి. అక్కడ ఓట్లు లెక్కపెట్టేది వేరేవాళ్లు కాబట్టి చెల్లుతుంది. మన దగ్గర అసలు తగవు లెక్కింపులో కాదు, ఓటు ఎవరికుందన్న దగ్గరే. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్లు వేయొచ్చా? ఫ్లాట్ భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే ఎవరు వేయాలి? అమెరికాలో ఉన్న ఓనరు వాట్సాప్‌లో పంపిన అధికార పత్రం చెల్లుతుందా? ఇవన్నీ కుర్చీలో ఉన్నవారే తేల్చాలి. పోటీలో ఉన్నాయన తేలిస్తే పెళ్లికొడుకే మంత్రాలు చదువుకున్నట్టుంటుంది.

మన రాజ్యాంగం కూడా ఇటే మొగ్గింది. స్పీకర్‌ను తొలగించే తీర్మానం అసెంబ్లీలో చర్చకు వచ్చినప్పుడు ఆయన సభలో ఉండొచ్చు, మాట్లాడొచ్చు, కానీ అధ్యక్షత వహించకూడదని 181వ అధికరణ చెబుతోంది.

ఎన్నికల అధికారిని ఎలా ఎంచుకోవాలి? అభ్యర్థి కాకూడదు, ఎవరి నామినేషన్‌నూ ప్రతిపాదించినవారో బలపరిచినవారో కాకూడదు, అభ్యర్థులకు దగ్గరి బంధువు కాకూడదు. కొత్త అపార్ట్‌మెంటయితే బిల్డర్‌కు, ఆయన మనుషులకు ఈ పని అసలే వద్దు. లోపల ఎవరూ కుదరకపోతే పక్క అసోసియేషన్ నుంచి ఒక పెద్దమనిషిని పిలవండి. చాలామందికి తట్టని సంగతి ఒకటుంది: ఓటు లేని అద్దెదారు కూడా ఈ పనికి బాగా పనికొస్తారు. ఓనర్లలో కొందరు మూతి ముడుస్తారు, ముడవనివ్వండి.

పేరు మీటింగ్ రోజున తేల్చుకుందామని వదిలేయకండి, గంట దానికే పోతుంది. ముందే కమిటీలో తీర్మానం చేసి, నోటీసులో వేయండి. ఆయన రాలేకపోతే, పోటీలో లేని ఒకరిని సభ్యులే అక్కడికక్కడ ప్రతిపాదించి ఆమోదించుకోవచ్చు. ఓటర్ల జాబితా సెక్రటరీ సంతకంతో కొన్ని రోజుల ముందే నోటీసు బోర్డుకు ఎక్కాలి. అభ్యంతరాలన్నీ అప్పుడే తేలిపోతే ఆ రోజు టెన్షన్ ఉండదు.

కుర్చీ మారిన సమయం మినిట్స్‌లో రాయించండి. నామినేషన్ల పరిశీలన, ఉపసంహరణ అయ్యాక ఒక్కరే మిగిలితే ఏకగ్రీవం, లేదంటే చీటీలతో రహస్య ఓటింగ్. చేతులెత్తించడం నాకు నచ్చదు. ఎదురింటాయన చూస్తుండగా ఎవరు ధైర్యంగా ఎత్తుతారు? లెక్కింపు దగ్గర ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరిని నిలబెట్టండి.

ఓట్లు సమానమైతే పాత ప్రెసిడెంట్ "నా కాస్టింగ్ ఓటు" అంటూ లేస్తారు. బైలాస్‌లో ఎన్నికలకూ అది వర్తిస్తుందని స్పష్టంగా లేకపోతే ఒప్పుకోకండి, లాటరీ తీయండి. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లోనూ 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓట్లు సమానమైతే లాటరీయే. చీటీ మాత్రం చిన్నపిల్లాడితో తీయిస్తాను, పెద్దలు తీస్తే మడత గుర్తుందంటారు.

ఫలితం ప్రకటించగానే ఎన్నికల అధికారి పని అయిపోయినట్టే. కొత్త కమిటీ ఎప్పటినుంచి బాధ్యత తీసుకోవాలో బైలాస్ చెప్పకపోతే, మిగిలిన అజెండా పాత ప్రెసిడెంటే ముగించాలి. ఎన్నికల అధికారి వెళ్లేముందు ఫలితాల పేజీలో ఆయన సంతకం పడిందో లేదో చూసుకోండి. ఖాతాలో సంతకాలు మార్చమని వెళ్తే బ్యాంకు తీర్మానం కాపీ అడుగుతుంది. "నేను గెలిచాను" అని గెలిచినాయన ఒక్కడే సంతకం పెట్టిన కాగితం తెస్తే కౌంటర్ దగ్గర నేనైతే తిప్పి పంపేవాణ్ని.