హెచ్-1బీతో టెక్సాస్‌లో పందుల వేటా? తూటాల పెట్టె కొనే ముందే హంటింగ్ లైసెన్స్ తీసుకోండి

"పందుల వేటకి లైసెన్సే అక్కర్లేదట కదా!" అనే మాట డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల నోట తరచూ వింటాను. అందులో నిజం సగమే. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవి పందుల్ని వేటాడటానికి టెక్సాస్ రాష్ట్రం లైసెన్స్ అడగడం లేదు. సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు.

మిగతా సగం ఫెడరల్ చట్టంలో ఉంది. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒక్కటే: అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అంటే పందికి అక్కర్లేని లైసెన్స్ మనకి కావాలి! గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ తిప్పలు లేవు.

ఒక రాంచ్‌కి వెళ్లినప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. నలుగురం వెళ్లాం. రైఫిళ్లు ఇచ్చే ముందు గైడ్ అందరి వీసా స్టేటస్ అడిగాడు. లైసెన్స్ ఉన్నది నా ఒక్కడికే. మిగతా ముగ్గురూ రాత్రంతా ట్రక్కులో కూర్చుని కాఫీ తాగారు. "మనం కొనట్లేదు కదరా, ఒకసారి పట్టుకుంటే ఏమవుతుంది?" అని ఒకడి గొడవ. పట్టుకున్నా నేరమే. శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండొచ్చు, ఆపైన వీసా టెన్షన్.

దరఖాస్తు పని తేలికే. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్లో గానీ, లైసెన్సులు అమ్మే వేట సామాన్ల దుకాణాల్లో గానీ తీసుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్స్, సోషల్ సెక్యూరిటీ నంబరు దగ్గర పెట్టుకోండి. వరసగా ఆరు నెలలకు పైగా టెక్సాస్‌లోనే కాపురం ఉంటే రెసిడెంట్ హంటింగ్ లైసెన్స్, 25 డాలర్లు. లేదంటే నాన్ రెసిడెంట్ కింద 315. పబ్లిక్ భూముల్లో వేటకైతే వీసాతో పనిలేకుండా ఎవరికైనా లైసెన్స్ ఉండాల్సిందే. ప్రింట్ తీసి పర్సులో పెట్టుకోండి, ఫోన్లో ఉందిలే అనుకోవద్దు.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కోర్సు కూడా చేయాలి. పదిహేడేళ్లు దాటినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే ముగించొచ్చు. టైం లేకపోతే 10 డాలర్లకి ఒక్కసారి వాయిదా తీసుకునే వీలుంది కానీ, అప్పుడు ఆ కోర్సు పూర్తిచేసిన లైసెన్స్‌దారు వెంట ఉండాలి.

ఇక తూటాల సంగతి. దుకాణంలో తుపాకీ కొనాలంటే ఫెడరల్ ఫారం నింపాలి. వీసా ప్రశ్న అందులోనే వస్తుంది, లైసెన్స్ చూపించాలి. తూటాలకి ఆ ఫారం లేదు, కౌంటర్లో వయసు చూసి ఇచ్చేస్తారు. "అమ్మారు కాబట్టి ఫర్వాలేదు" అనుకుని మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

చిన్న క్యాలిబర్‌లో (అంటే తూటా సైజులో) పందికి ఎక్కువమంది వాడేది .223 రెమింగ్టన్ అనే రకం. మగ పందికి భుజం మీద చర్మం డాలులా గట్టిపడి ఉంటుంది. ఎలుకలకీ కుందేళ్లకీ వాడే పల్చటి తూటా అక్కడే చిట్లిపోతుంది. ఫుల్ మెటల్ జాకెట్ (గట్టి లోహపు తొడుగున్న తూటా) అయితే సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది, పంది గాయంతో పొదల్లోకి పరిగెడుతుంది. అందుకే 62 గ్రెయిన్లో ఆపైనో బరువున్న బాండెడ్ సాఫ్ట్ పాయింట్‌కే (మొన మెత్తగా, తొడుగు సీసానికి అతుక్కుని ఉండే తూటాకే) నా ఓటు. .22 లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటాతో పంది జోలికి పోవద్దు, అది దాన్ని హింసించడమే. కొనే ముందు బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో చదవండి. .223 అని మాత్రమే ఉంటే 5.56 పెట్టె (చూడ్డానికి అలాగే ఉన్నా ఎక్కువ ఒత్తిడితో పేలే తూటాలు) తీసుకోవద్దు.

లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జులైలో తీసుకుంటే చేతికొచ్చేది మహా అయితే రెండు నెలలే. సెప్టెంబరు 1 తెల్లవారేసరికి కొత్తది లేకపోతే, అల్మారాలో మిగిలిన సగం పెట్టె తూటాలు కూడా చట్టం ముందు తప్పే. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు 15 నుంచే అమ్ముతారు, ఫోన్లో రిమైండర్ ఆ తేదీకి పెట్టుకోండి.